మామకు దొరకని జైలు

ఇప్పటివాళ్ళకు చెబితే నవ్వుతారు గానీ, మాకు వయసు వచ్చిన కాలంలో వరంగల్లులో ఎవరైనా నాయకుడు కావాలంటే ముందు జైలుకు వెళ్ళి రావాలి. (ఇప్పుడు వరుస కాస్త తిరగబడింది, ముందు నాయకులై, తరువాత వెళ్తున్నారు.) జైలు చూడని మనిషి వేదిక ఎక్కితే జనం మర్యాదగా వినేవారు, చప్పట్లు మాత్రం చూసినవాడి కోసం దాచుకునేవారు. దేశమంతటికీ స్వాతంత్ర్యం వచ్చి మా సంస్థానానికి మాత్రం రాని రోజులవి. రైలెక్కి బెజవాడ వెళితే అక్కడ వీధివీధినా జెండా ఎగురుతూ ఉండేది. తిరిగి వచ్చి వరంగల్లు స్టేషన్లో దిగితే అదే జెండా సంచిలో మడతపెట్టి ఉన్నా నేరమే. సరిగ్గా ఆ రోజుల్లోనే మా మేనమామకు వకాలతు వదిలి రాజకీయాల్లోకి దిగాలన్న సంకల్పం కలిగింది. ఆయన సంకల్పాలు ఆయన దగ్గరే ఉండిపోతే నాకేమీ ఇబ్బంది లేదు. అవి ఎప్పుడూ నా నెత్తిమీదుగా నడిచేవి, అదీ నా బాధ.

మామ హనుమకొండలో పెద్ద వకీలు. అసలు పేరు ఎవరికీ అక్కర్లేదు. టాంగావాళ్ళు కూడా 'జిరహ్ వకీల్ సాబ్ ఇల్లు' అంటేనే బండి కదిలించేవారు. జిరహ్ అంటే సాక్షిని బోనులో నిలబెట్టి ఎదురు ప్రశ్నలతో నిలదీయడం. మా కోర్టుల్లో వ్యవహారమంతా ఉర్దూలోనే కాబట్టి మాటలు కూడా ఉర్దూవే. మామ జిరహ్ మొదలుపెడితే అబద్ధం చెప్పడానికి వచ్చినవాడు నిజం చెప్పేవాడు, నిజం చెప్పడానికి వచ్చినవాడు కన్నతండ్రి పేరు మరచిపోయేవాడు. చిక్కేమిటంటే ఆ అలవాటు కోర్టు గుమ్మం దగ్గర ఆగేది కాదు. కూరగాయలామెను, క్షవరం చేసేవాణ్ణి, గుళ్ళో పూజారిని, ఎవరినీ వదిలేవాడు కాదు. ఒకనాడు పప్పులో ఉప్పు ఎక్కువైంది.

"ఉప్పు నువ్వే ఏసినవా, ఇంకెవలన్న ఏసిన్రా?" అని అత్తమ్మను అడిగాడు.

"నేనే ఏసిన."

"ఏసేటప్పుడు పప్పు ఉడికిందా, ఉడుకుతాందా?"

"ఉడుకుతాంది."

"ఉడికేటప్పుడు పొగలొస్తయి. ఆ పొగల నీ చెయ్యి నీకు కానొచ్చిందా?"

అత్తమ్మ గరిటె కింద పెట్టింది. "కానొచ్చింది. ఇప్పుడు నీ మొఖం గూడ మంచిగనే కానొస్తాంది. తింటే తిను, లేకుంటే లే."

మామ తిన్నాడు. నాకు తెలిసి ఆయనను జిరహ్‌లో ఓడించగలిగిన మనిషి అత్తమ్మ ఒక్కతే.

నాన్న నా చిన్నప్పుడే పోవడంతో మా అమ్మ ఖిలా వరంగల్‌లోని ఇంటికి తాళం వేసి, నన్ను తీసుకుని తమ్ముడి పంచన చేరింది. నన్ను కూడా వకీలును చేయాలని ఆమె పట్టు. చేసింది కూడా. పరీక్ష నెగ్గాను, వకాలతు చేసుకోవచ్చని సర్కారు ఇచ్చే సనదు చేతికొచ్చింది, దర్జీ దగ్గర నల్ల షేర్వాణీ కుట్టించుకున్నాను. మొదటి కేసు కూడా దొరికింది. మట్టెవాడలో ఇద్దరు నేతగాళ్ళు, అన్నదమ్ములు, తండ్రి వదిలిపోయిన ఒకే ఒక్క మగ్గం కోసం కొట్లాడుకుంటున్నారు. చిన్నవాడు నా దగ్గరికి వచ్చాడు. (పెద్ద వకీళ్ళెవరూ ఒప్పుకోకపోతే వచ్చాడని తరువాత తెలిసింది.) నేను రోజూ తలుపు వేసుకుని, షేర్వాణీ తొడుక్కుని, అద్దం ముందు 'హుజూర్, ఈ మగ్గం...' అంటూ వాదించేవాణ్ణి. అద్దంలో మనిషి ప్రతిసారీ ఒప్పుకునేవాడు. పేషీకి, అంటే కోర్టులో విచారణకు, ఇంకా వారం ఉందనగా మామకు ఆ సంకల్పం కలిగింది.

దానికి కారణం పాలంపేట వైపు నుంచి వచ్చిన ఒక రైతు. వాళ్ళ దొర గడీలో తరతరాలుగా వెట్టి చేస్తున్న కుటుంబం అతనిది. ఇక చేయనన్నాడని అతని పొలంలోకి నీళ్ళు రాకుండా కాలువకు అడ్డం కట్టించారు. మామ ఆ కేసు చేపట్టి, దొర మనుషుల్ని ఒక్కొక్కరినీ బోనులో నిలబెట్టి ఉతికి ఆరేసి, గెలిచాడు. ఫైసలా వచ్చిన నాడు ఇంట్లో అత్తమ్మ చేత భక్ష్యాలు చేయించాడు. కొన్నాళ్ళకు ఆ రైతు మళ్ళీ వచ్చి వరండా మెట్టు మీద కూర్చున్నాడు. వీపు మీద కొరడా వాతలు కనబడకుండా గొంగడి కప్పుకున్నాడు. కాలువకు అడ్డం అలాగే ఉంది.

"బాంచెను వకీల్ సాబ్, ఒక్క మాట అడుగుత," అన్నాడు. "మనం గెల్చిన సంగతి మా దొరకు ఎవలన్న చెప్పిన్రా?"

అతను వెక్కిరించడానికి అనలేదు. నిజంగానే ఎవరూ చెప్పలేదేమో, చెబితే ఆగుతాడేమోనని అడిగాడు. మామ నోరు తెరిచాడు, మూశాడు. ఆయన నోరు మూసుకోవడం నేను చూడటం అదే మొదలు. అతన్ని దవాఖానకు పంపించి, తిరిగి వచ్చి, పుస్తకాల బీరువా ముందు సాయంత్రం దాకా నిలబడ్డాడు. "అల్లుడూ, మనం ఇన్నేండ్లు గెల్చిందంత కాయితం మీదనేరా," అన్నాడు చివరికి. నాకు ఆయన మీద గౌరవం పొంగుకొచ్చింది. ఆ గౌరవం సరిగ్గా ఆదివారం దాకా నిలిచింది.

ఆదివారం నాడు మట్టెవాడలో నేతగాళ్ళ వాడలో సభ. మామకు అదే తొలి ఉపన్యాసం. తెలుగులో మాట్లాడాలి. జీవితమంతా ఉర్దూలో వాదించిన మనిషికి తెలుగు ఇంట్లో ఉప్పు గురించి మాట్లాడడానికి సరిపోయేది గానీ వేదిక మీద తడబడింది. లేచి నిలబడి జనానికి వంగి సలాం చేసి, "హుజూర్!" అన్నాడు. జనం వెనక్కి తిరిగి ఎవరొచ్చారా అని చూశారు. ఆ తరువాత కోర్టు అలవాటు కొద్దీ ముందుగా ఎదుటి పక్షం ఏమంటుందో చెప్పడం మొదలుపెట్టాడు. సర్కారు తరఫున ఎంత గొప్పగా వాదించాడంటే ముందు వరుసలో ఇద్దరు తలలూపారు. సర్కారు వాదనను ఖండించే ఘట్టం వచ్చేసరికి సగం మంది లేచి అన్నాలకు వెళ్ళిపోయారు. నూలు వడికే ఒక ముసలమ్మ మాత్రం ఓపికగా కూర్చుని, "ఇంతకు ఈ సారు మన దిక్కా, ఆళ్ళ దిక్కా?" అని నన్నే అడిగింది.

సభ చప్పబడిపోతోందని మామకు అర్థమైంది. ఒక్కసారిగా రొమ్ము విరిచి, "ఈ అన్యాయపు అదాలత్ మెట్టు ఇయ్యాల్టి నుంచి ఎక్క!" అని గర్జించాడు. చప్పట్లు పడ్డాయి. తొలిసారి చప్పట్లు విన్న మనిషికి ఇంకొన్ని కావాలనిపిస్తుంది కదా. "నేనే కాదు, మా అల్లుడు గూడ ఎక్కడు!" అన్నాడు. ఈసారి చప్పట్లతో వాడ దద్దరిల్లింది. నన్నెవరూ అడగలేదు. నా పక్కనే కూర్చున్న నా మొట్టమొదటి కక్షిదారు, ఆ మగ్గం తమ్ముడు, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టి, ఆ తరువాత ఏదో తోచినవాడిలా ఆగి నా వైపు చూశాడు.

ఇంటికొచ్చాక నేను అన్నం ముందు కూర్చోలేదు. "మామా, నేనింక ఒక్కసారి గూడ ఎక్కలేదు. ఎక్కనోడు ఇడిసిపెట్టుడేంది?" అన్నాను.

"త్యాగంరా అల్లుడూ."

"నువ్వేమో ఇరవయ్యేండ్లు తిన్నంక లేస్తానవ్. నాకు ఇంక ఇస్తరాకు గూడ ఎయ్యలే!"

మా అమ్మ తమ్ముడి మీద విరుచుకుపడుతుందని ఆశపడ్డాను. ఆమె సభకు వచ్చి ఆడవాళ్ళ వరుసలో కూర్చుందనీ, చప్పట్లు కొట్టినవాళ్ళలో ఆమె కూడా ఉందనీ అప్పుడే తెలిసింది.

అదాలత్ వదిలాక మిగిలింది జైలు. మామ ఒక మంచి రోజు చూసుకుని, ఖద్దరు పంచె కట్టి, చేతిలో జెండాతో వరంగల్ చౌరస్తాలో నిలబడ్డాడు. వెంట నేను. (ఆయన కళ్ళజోడు, దగ్గు మందు, తువ్వాలు ఉన్న సంచి మోయడానికి అత్తమ్మ పంపింది.) పోలీసు అమీను వచ్చాడు. అమీనంటే ఆ ఊరి పోలీసులకు పెద్ద. ఈ అమీనుకు సొంత ఊళ్ళో దాయాదులతో భూమి తగాదా ఉంది. ఆ తగాదాలో ఆయన వకీలు మా మామే.

"అరె వకీల్ సాబ్! ఇంత ఎండల మీకేం తకలీఫ్?" అన్నాడు ఆదుర్దాగా.

"నన్ను గిరఫ్తార్ చెయ్యి," అన్నాడు మామ.

"తోబ తోబ! మిమ్మల్ని లోపలేస్తె నా భూమి ముకద్దమ ఎవరు చూస్తరు?"

"నేను అదాలత్ ఇడిసిపెట్టిన."

"ఇప్పుడు ఇడిసిపెట్టిన్రు. కోపం దిగినంక మల్ల పోతరు. అప్పటిదాంక నేను ఆగుత, ఫికర్ లేదు," అని తనే టాంగాను పిలిచి, మామను ఎక్కించి, జెండాను మర్యాదగా మడిచి నా సంచిలో పెట్టి, "జర పైలంగ తీస్కపో," అని టాంగావాడికి చెప్పి పంపించాడు. ఇంటికి చేరేసరికి అత్తమ్మ పడమటింట్లో వేడి నీళ్ళు కాచి ఉంచింది, ఇలాగే జరుగుతుందని ముందే తెలిసినట్టు.

ఆ తరువాత వెళ్ళిన ప్రతిసారీ ఇదే తంతు. మామ పక్కన నిలబడ్డవాళ్ళను పట్టుకునేవారు, మామను వదిలేసేవారు. బడిపంతులు వెళ్ళాడు. దర్జీ వెళ్ళాడు. మా వీధి చివర సోడాలు అమ్మేవాడు, నిజానికి ఆ రోజు గోలీసోడా బండి తోసుకుంటూ అటుగా పోతున్నవాడు, నినాదం వినబడగానే ఊపు వచ్చి తనూ ఒకటి అరిచి లారీ ఎక్కేశాడు. మామ అన్నం తినలేదు. "సోడాలాయన గూడ పోయిండురా అల్లుడూ. ఆయన పోయిండు, నేనున్న. రేపు వేదిక మీద ఆయన మాట్లాడుతడు, నేను కింద కూసోని వినాలె," అన్నాడు. ఆ ముఖం చూసి జాలిపడాలో, మగ్గం కేసు పేషీ నేను లేకుండానే వాయిదా పడిందని చెప్పి ఏడ్వాలో నాకు తెలియలేదు.

అంతలో భూమి తగాదా అమీనుకు బదిలీ అయింది. కొత్త అమీను ఎక్కడివాడో, ఈ ఊళ్ళో ఎవరినీ ఎరగడు. ఆ కబురు తెలియగానే మామ పెళ్ళికొడుకులా తయారయ్యాడు. అత్తమ్మ చింతపండు పులిహోర కలిపి డబ్బాకెత్తి ఇచ్చింది. మా అమ్మ తమ్ముడి నుదుట బొట్టు పెట్టింది. ఎప్పటిలాగే సంచి నాకిచ్చారు.

చౌరస్తాలో జనం మూగారు. లారీ దిగిన కొత్త అమీను దూరం నుంచే కర్ర ఊపుకుంటూ వస్తున్నాడు. సరిగ్గా ఆ క్షణంలో మామ పంచె కుచ్చెళ్ళు జారాయి. (కొత్త ఖద్దరు, గంజి దిట్టంగా పెట్టారు, ముడి నిలవదు.) "అల్లుడూ, జర పట్టుకో," అని జెండా నా చేతిలో పెట్టి రెండు చేతులా నడుము సర్దుకోసాగాడు. నేను ఒక చేత్తో పులిహోర డబ్బా, ఒక చేత్తో జెండా పట్టుకుని నిలబడ్డాను. కొత్త అమీను వచ్చి, జెండా ఎవరి చేతిలో ఉందో చూసి, నా భుజం మీద చెయ్యి వేశాడు.

"అది నాది! జెండా నాది!" అని మామ పంచె కుచ్చెళ్ళు పట్టుకునే అడ్డం వచ్చాడు.

"పెద్దాయన, పక్కకు జరుగు," అన్నాడు అమీను.

"నేనుర అసలు మనిషి! వాడు మా అల్లుడు, సంచి పట్టుకోను వచ్చిండు!"

"అదే," అని తల కూడా ఊపి ఒప్పుకున్నాను. ఎవరూ వినలేదు. నన్ను లారీలోకి తోశారు. అప్పుడు మామ చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ నాకు ఏమనాలో తోచదు. పరుగెత్తి వెళ్ళి లారీ ముందు నేల మీద అడ్డంగా పడుకున్నాడు. నినాదం చేయడానికి గుండెలనిండా ఊపిరి తీసుకున్నాడు. ఇంతలో ఒక జవాను కాలు పట్టి లాగితే చెప్పు ఊడి చక్రం కిందికి పోయింది. కొత్త చెప్పు. దేశం కోసం పీల్చిన ఊపిరంతా "నా చెప్పు! నా చెప్పు!" అని బయటికి వచ్చింది. అలా మామ కూడా లారీ ఎక్కాడు, ఒంటికాలి చెప్పుతో. ఎక్కి నా పక్కన కూర్చుని, చెమట తుడుచుకుని, ఇంత మొఖం చేసుకుని నవ్వాడు. పులిహోర జవాన్లు తిన్నారు.

మరునాడు పొద్దున్నే మమ్మల్ని అదాలత్‌కు తీసుకువెళ్ళారు. బయలుదేరే ముందు ఠాణాకు మా అమ్మ నా నల్ల షేర్వాణీ పంపించింది. 'పిలగాడు మొదటిసారి అదాలత్‌కు పోతాండు, మంచిగ పోవాలె' అని చెప్పి పంపిందట. తొడుక్కున్నాను. తలుపు వేసుకుని అద్దం ముందు నిలబడ్డ రోజుల్లో ఆ షేర్వాణీతో నేను కోర్టులో ఏ పక్కన నిలబడతానో ఒక్కసారైనా ఊహించి ఉంటే మిల్లులో గుమాస్తాగా చేరిపోయేవాణ్ణి.

దారిలో మామ నాకు పాఠం చెప్పాడు. "ఏది అడిగినా ఒప్పుకో. వకీలు వద్దు, వాదన వద్దు, జిరహ్ వద్దు. ఇది వాళ్ళ అదాలత్, దాంట్ల మనం వాదిస్తె దాన్ని మెచ్చినట్టే. సమజైందా?"

"నువ్వు గూడ ఒప్పుకుంటవా మామా?"

"నేనా? ఒక్క మాట మాట్లాడితే నన్ను అడుగు!"

మున్సిఫ్ సాబ్ పెద్దవాడు, నెమ్మదస్తుడు. మామ వాదనలు ఏళ్ళ తరబడి విన్నవాడు. మమ్మల్ని బోనులో చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ముందు నా వంతు. (అంతా ఉర్దూలో నడిచింది, నేను మన మాటల్లో చెబుతున్నాను.)

"జెండా పట్టుకున్నది నిజమేనా?"

"నిజమే హుజూర్."

"నినాదాలు చేసింది నిజమేనా?"

చౌరస్తాలో నేను 'అదే' అన్న ఒక్క మాట తప్ప నోరు విప్పలేదు. మామ మోచేత్తో పొడిచాడు. "నిజమే హుజూర్."

"చెప్పుకునేది ఏమైనా ఉందా?" అని మున్సిఫ్ నా వైపు, నా షేర్వాణీ వైపు, ఎంతో దయగా చూశాడు. ఆ చూపులో 'ఏదో ఒకటి చెప్పు నాయనా, వదిలేస్తాను' అని ఉంది. నేను మామ వైపు చూశాను. ఆయన కళ్ళు మూసుకుని పరవశంలో ఉన్నాడు. "ఏం లేదు హుజూర్," అన్నాను. ఆరు నెలలు పడింది.

తరువాత మామ. జవాను సాక్ష్యం చెప్పాడు: ఈయన లారీకి అడ్డం పడుకున్నాడు, సర్కారుకు వ్యతిరేకంగా నినాదాలు చేశాడు. మున్సిఫ్ మామను చూసి, "ఒప్పుకుంటారా వకీల్ సాబ్?" అన్నాడు. మామ గంభీరంగా నోరు తెరిచాడు. "ఒప్పు..." దాకా వచ్చింది కూడా. సరిగ్గా అప్పుడు ఆ జవాను, ఎవరూ అడక్కుండానే, "నా రెండు కళ్ళతోని చూసిన హుజూర్," అని కలిపాడు.

మామ ముఖం మారింది. నాకు ఆ ముఖం తెలుసు. అత్తమ్మ ఉప్పు వేసిన నాటి ముఖం. నేను దగ్గాను. కాలు తొక్కాను. బేడీలు వేసిన చేతులతోనే ఆయన చొక్కా గుంజాను. లాభం లేకపోయింది. మామ మెల్లగా జవాను వైపు తిరిగాడు.

"రెండు కళ్ళతోని చూసినవా? మంచిది. లారీకి ఏ దిక్కు నిలవడ్డవ్?"

"ఎనక."

"లారీ ఎత్తు మనిషి కంటె తక్కువనా, ఎక్కువనా?"

"ఎక్కువే."

"నేను ఏడ పండుకున్న?"

"ముందట. నేల మీద."

"లారీ ఎనక నిలవడ్డోనికి, ముందట నేల మీద పండుకున్న మనిషి లారీలకెల్లి కానొచ్చిండా?"

జవాను చెమటలు తుడుచుకున్నాడు. "కాలు గుంజింది ఇంకోడు. నేను నినాదం ఇన్న."

"ఇన్నవా! ఏమని ఇన్నవ్? హుజూర్ ముందల చెప్పు."

జవాను దిక్కులు చూశాడు. అబద్ధం చెప్పడానికి వచ్చినవాడి నోట నిజం వచ్చే ఘడియ అది. "'నా చెప్పు, నా చెప్పు' అని ఒర్లిన్రు," అన్నాడు.

కోర్టు హాలంతా గొల్లుమంది. మామ గెలుపు ఊపులో మున్సిఫ్ వైపు తిరిగి, చెయ్యి చాచి, ఇరవై ఏళ్ళ అనుభవమంతా గొంతులోకి తెచ్చుకుని, "హుజూర్! 'నా చెప్పు' అనుట ఏ దఫా కింద నేరం?" అని అడిగాడు.

మున్సిఫ్ ఇలాంటి అవకాశం కోసమే చూస్తున్నట్టున్నాడు. ఒక్క క్షణం ఆలస్యం చేయకుండా, "ఏ దఫా కిందా కాదు. వదిలేశాం," అన్నాడు.

మామ అలవాటుగా సలాం చేసి, అలవాటుగా నా వైపు తిరిగి కన్ను గీటాడు. కన్ను సగం గీటాక ఆయనకు సంగతి తెలిసింది. "హుజూర్! ఆగున్రి! నేను ఒప్పుకుంటాన! అన్నీ ఒప్పుకుంటాన!"

"ఫైసలా అయిపోయింది వకీల్ సాబ్. ఇంటికి వెళ్ళి విశ్రాంతి తీసుకోండి," అన్నాడు మున్సిఫ్, నవ్వు ఆపుకుంటూ. నన్ను ఒక పక్కకు తీసుకువెళ్ళారు, మామను ఇంకో పక్క నుంచి బయటికి పంపారు. ఆయన తలుపు దగ్గర వెనక్కి తిరిగి, "అల్లుడూ!" అని పిలిచాడు. నేను తల తిప్పకుండా జవాను కంటే ముందే నడిచాను. తిరిగితే నోట ఏం మాట వచ్చేదో నాకే భయం.

వరంగల్ జైల్లో నాకు తెలిసినవాళ్ళు చాలామందే ఉన్నారు. సోడాలాయన నన్ను పాత కాపులా చేతులు చాచి లోపలికి పిలిచాడు. మూలన పాలంపేట రైతు ఉన్నాడు. ఊళ్ళో పది మందిని వెంటేసుకుని కాలువ అడ్డం పీకేసి వచ్చాడట. నన్ను చూసి లేచి నిలబడి, "వకీల్ సాబ్ ఏడి?" అన్నాడు.

"బయటనే ఉన్నడు. అదాలత్‌ల గెల్చిండు."

అతను నోటి మీద చెయ్యి వేసుకున్నాడు. "అయ్యో! మల్ల గెల్చిండా!"

చౌరస్తా నుంచి అప్పటిదాకా బిగించి పెట్టుకున్నదేదో నాలో వదులై నేను నవ్వేశాను. ఆ రోజుకు అంతే. మరునాటి నుంచి మళ్ళీ కోపమే. జొన్నరొట్టెలో ఇసుక తగిలిన ప్రతిసారీ మామను తలుచుకునేవాణ్ణి. మగ్గం అన్నదమ్ములు ఇద్దరూ కలిసి నన్ను చూడటానికి వచ్చినప్పుడు ఇంకా మండింది. "మా వకీలు లోపల ఉండంగ మేం బయట కొట్లాడుకునుడు మంచిగ లేదని కలిసిపోయినం సార్. పొద్దుగాల అన్న నేస్తాండు, మాపటీలి నేను నేస్తాన," అన్నాడు నా కక్షిదారు సంతోషంగా. నా మొదటి కేసు అలా ముగిసింది.

మామ మాత్రం రానిచ్చిన ప్రతిసారీ వచ్చేవాడు. అత్తమ్మ పచ్చళ్ళు తెచ్చేవాడు. బయట ఇంకా జైలు ప్రయత్నాలు మానలేదట. కానీ కోర్టులో నవ్వులపాలైన కొత్త అమీను, ఆ ముసలాయన్ని ముట్టుకున్నవాడి ఉద్యోగం ఊడుతుందని జవాన్లకు గట్టిగా చెప్పేశాడట. "నీ జాగల నేనుండాల్సిందిరా," అన్నాడు ఒకసారి, ఊచలు పట్టుకుని.

"ఉండాల్సింది మామా," అన్నాను పళ్ళ మధ్య నుంచి.

ఆయన తల దించుకుని వెళ్ళిపోయాడు. ఆ తరువాతి సభలో, చెప్పుకోవడానికి మరేమీ లేక, తను జైలుకు పోలేకపోయిన సంగతి ఉన్నదున్నట్టు జనానికి చెప్పేశాడట. పంచె, జెండా, చెప్పు, జిరహ్, ఏదీ దాచకుండా. చెబుతూ చెబుతూ నా పేరు దగ్గరికి వచ్చేసరికి మధ్యలోనే కూర్చుండిపోయాడట. ఇది సోడాలాయన పెళ్ళాం వచ్చి చెప్పింది. జనం కళ్ళు తుడుచుకునేదాకా నవ్వి, ఆ తరువాత చాలాసేపు చప్పట్లు కొట్టారట. అప్పటినుంచి ఊరూరా పిలిచి ఆ కథే చెప్పమనేవారు. కథ చెప్పి, ఆ ఊరి కాలువల సంగతి, వెట్టి సంగతి అడిగి తెలుసుకుని, రాత్రికి ఎవరి అరుగు మీదనో పడుకుని, అలా జిల్లా అంతా తిరిగాడు. ఆయన తెలుగు కూడా అక్కడే బాగుపడింది. తరువాతి కాలంలో అదే జిల్లా ఆయనను శాసనసభకు పంపింది. (అక్కడ సొంత పార్టీ మంత్రులకే జిరహ్ చేసేవాడు కాబట్టి తను ఎన్నడూ మంత్రి కాలేదు. అదీ ఆయన స్వయంకృతమే.) విడుదలయ్యాక నేను వకాలతులో పడ్డాను. జైలుకు పోయివచ్చిన వకీలని కక్షిదారులు వెతుక్కుంటూ వచ్చేవారు, ఆ మాట మామ ముందు మాత్రం ఏనాడూ ఒప్పుకోలేదు.

అవన్నీ తరువాతి మాటలు. సంస్థానం దేశంలో కలిసిన కొన్నాళ్ళకు, గడువు ఇంకా మిగిలి ఉండగానే, మమ్మల్ని వదిలారు. లోపల ఉన్నన్నాళ్ళూ నేను గోడకు ఆనుకుని మామతో అనవలసిన మాటలన్నీ పేర్చి పెట్టుకున్నాను. ఒక్కొక్క వాక్యం చెక్కి, నున్నగా చేసి, ఏది ముందో ఏది వెనకో నిర్ణయించుకుని సిద్ధంగా ఉన్నాను. గేటు తెరిచారు. బయట దండలతో జనం, జెండాలు, సన్నాయి. అందరి వెనకాల, టాంగా పక్కన, మామ. బాగా చిక్కిపోయాడు. ఊళ్ళు తిరిగి నల్లబడ్డాడు. అందరూ ముందుకు వస్తుంటే ఆయన ఒక్కడూ నా దగ్గరికి రావడానికి జంకుతూ టాంగా చక్రం పట్టుకుని నిలబడ్డాడు.

నేను జనాన్ని దాటుకుని వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. మొదటి వాక్యం నాలుక చివర ఉంది.

"అత్తమ్మ ఏం వండింది?" అన్నాను.

"అన్నీ వండింది," అన్నాడు మామ, ముక్కు ఎగబీలుస్తూ. "పా, సల్లారిపోతయి."

ఆనాటి మామ వయసు దాటి ముందుకొచ్చి చాలా కాలమైంది నాకు. ఆయన లేడు, అత్తమ్మ లేదు, అమ్మ లేదు. జైలు గోడకు ఆనుకుని కూర్చుని మామను కడిగిపారేయడానికి మాటలు నూరుకుంటున్న ఆ బక్కపలచని కుర్రవాడు మాత్రం ఒక్కోసారి కళ్ళకు కడతాడు. ఎంత కోపం వాడికి, ఎంత పట్టుదల! వాడు పేర్చుకున్న వాక్యాలు నాకు ఇప్పటికీ వరుస తప్పకుండా గుర్తున్నాయి. ఇంట్లో ఎవరూ లేని మధ్యాహ్నాల్లో ఒకటి రెండు పైకి అని చూసుకుంటాను. ఉర్దూ మాటలు కలిపి, గొంతు పెంచి, గట్టిగానే మొదలుపెడతాను. మూడో వాక్యం దాకా ఏనాడూ వెళ్ళలేదు, నవ్వొచ్చేస్తుంది.